డ్రాప్ షాడో, స్ట్రోక్ కనిపించడం లేదా? ఇలా చూడండి

ఫోటోషాప్‌లో పెళ్లి శుభలేఖ తెరిస్తే పేర్లకు ఇచ్చిన నీడా (డ్రాప్ షాడో), బంగారు అంచూ (స్ట్రోక్) మాయమయ్యాయని, లేయర్ (డిజైన్‌లోని ఒక్కో పొర) పక్కన ఎఫెక్టులు ఉన్నాయని చెప్పే ఎఫ్ఎక్స్ గుర్తు మాత్రం అలాగే ఉందని, వెనుక ఉన్న ఫోటోకు కూడా అంచు రావడం లేదని రాశారు. కంగారు పడకండి. ఆ గుర్తు ఉందంటే మీ పని ఎక్కడికీ పోలేదు, దాగి ఉందంతే.

ముందు లేయర్ మెనూలో లేయర్ స్టైల్ తెరిచి కింది వైపు చూడండి. అక్కడ 'షో ఆల్ ఎఫెక్ట్స్' అని ఉంటే దాన్ని నొక్కండి. పొరపాటున 'హైడ్ ఆల్ ఎఫెక్ట్స్' నొక్కితే ఫైలులోని అన్ని లేయర్ల ఎఫెక్టులూ ఒకేసారి కనబడకుండా పోతాయి. మీ విషయంలో నా అనుమానం దీని మీదే, ఎందుకంటే రెండు పేర్లకూ ఒకేసారి పోయాయన్నారు.

అక్కడ 'హైడ్' అనే ఉంటే, ఎఫ్ఎక్స్ పక్కనున్న చిన్న బాణం నొక్కి, 'ఎఫెక్ట్స్' వరుసలో కన్ను గుర్తు వెలిగిందో లేదో చూడండి. లేయర్ ఎంత చిక్కగా కనిపించాలో చెప్పే ఒపాసిటీ, ఫిల్ అంకెలు కూడా చూడండి. ఫిల్ తగ్గిస్తే అక్షరాలే పలచబడతాయి, నీడ నిలుస్తుంది. ఒపాసిటీ తగ్గిస్తే నీడా పోతుంది.

వెనుక ఉన్న ఫోటోకు అంచు రాకపోవడం వేరే సంగతి. ఫోటో కాన్వాసు నిండా ఉంటే బయటి అంచుకు చోటుండదు. స్ట్రోక్ పొజిషన్‌ను 'ఇన్‌సైడ్'కు మార్చండి.

ఈలోగా దయచేసి లేయర్లను ఫ్లాటెన్ చేయకండి, అంటే అన్నిటినీ కలిపి ఒకే పొరగా మార్చకండి. అప్పటికీ రాకపోతే లేయర్స్ ప్యానెల్ చిత్రం పెట్టండి, చూస్తాను.