అలాస్కా క్రూయిజ్‌కి అమ్మానాన్నలతో: టెస్టు సంగతి తర్వాత, ముందు కెనడా వీసా చూసుకోండి

మీరు మూడు సంగతులు అడిగారు. సియాటిల్ నుంచి వెళ్లే అలాస్కా క్రూయిజ్‌కి మీ అమ్మానాన్నలకి బీ1/బీ2 (అమెరికా విజిటర్) వీసాతో పాటు కెనడా ఈటీఏ ఉంటే సరిపోతుందా, ఓడ ఎక్కేముందు ఇప్పటికీ కోవిడ్ టెస్టు అడుగుతారా, ఆరోగ్యం ఫారంలో ఉన్నది ఉన్నట్టు రాస్తే వెనక్కి పంపేస్తారా అని. మొదటిదానికి జవాబు చిన్నదే. ఈటీఏ చాలదు. చాలకపోవడం కాదు, అసలు మన పాస్‌పోర్టుకి అది ఇవ్వరు.

ఈటీఏ అనేది కెనడాకి వీసా అక్కర్లేని దేశాల వాళ్లు విమానంలో వచ్చేటప్పుడు తీసుకునే అనుమతి. 2023 జూన్‌లో ఫిలిప్పీన్స్, థాయిలాండ్ లాంటి 13 దేశాల వాళ్లకి, అమెరికా వీసా ఉంటే ఈటీఏ ఇస్తామన్నారు. ఆ కబురు వాట్సాప్‌లో చేతులు మారి మన దాకా వచ్చేసరికి "అమెరికా వీసా ఉంటే కెనడాకి ఈటీఏ చాలు" అయి కూర్చుంది. ఆ 13లో భారత్ లేదు. ఉన్న దేశాల వాళ్లకైనా అది విమానంలో వస్తేనే, ఓడలో వస్తే పనికిరాదు. మీ అమ్మానాన్నలకి కావాల్సింది మామూలు కెనడా విజిటర్ వీసా.

"ఓడ కెనడాలో ఆగేది విక్టోరియాలో నాలుగైదు గంటలేగా, మేం దిగం" అనుకుంటారేమో. కానీ మిమ్మల్ని ఆపేది విక్టోరియాలో కాదు, సియాటిల్ రేవులోనే. ఓడ వెళ్లే ప్రతి దేశానికీ మీ దగ్గర కాగితం ఉందో లేదో చెక్-ఇన్ బల్ల దగ్గరే చూస్తారు. లేకపోతే ఎక్కనివ్వరు, డబ్బులు కూడా సాధారణంగా తిరిగి రావు.

అసలు ఆ ఓడ విక్టోరియాలో ఎందుకు ఆగుతుందో తెలిస్తే కెనడాని తప్పించుకోలేమని అర్థమవుతుంది. అమెరికాలో 1886 నాటి చట్టం ఒకటుంది. విదేశీ జెండా ఉన్న ఓడ అమెరికా రేవుల మధ్యే జనాన్ని తిప్పకూడదు, మధ్యలో ఏదో ఒక పరాయి దేశపు రేవు తాకాలి. పెద్ద క్రూయిజ్ ఓడలు దాదాపు అన్నీ బహామాస్, పనామా, బెర్ముడా లాంటి జెండాలతో తిరిగేవే. కాబట్టి సియాటిల్‌లో బయల్దేరి అలాస్కా చూసి వచ్చే ఓడ ఏదో ఒక పూట కెనడాలో ఆగి తీరాలి. 2021లో కెనడా తన రేవులు క్రూయిజ్ ఓడలకి మూసేస్తే, ఆ ఒక్క సీజన్ గట్టెక్కడానికి అమెరికా ప్రత్యేకంగా తాత్కాలిక చట్టం చెయ్యాల్సి వచ్చింది.

ఇక మా కథ. 2022 ఆగస్టులో కెనడాలోని వాంకూవర్ నుంచి మళ్లీ వాంకూవర్‌కే ఏడు రాత్రుల ట్రిప్పు వెళ్లాం. మేం ఐదుగురం, రూల్సు మూడు రకాలు. పాపది అమెరికన్ పాస్‌పోర్టు, తనకి వేరే అనుమతేమీ అక్కర్లేదు. నాకూ మా ఆవిడకీ గ్రీన్‌కార్డులు. 2022 ఏప్రిల్ 26 నుంచి గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు చెల్లుబాటయ్యే పాస్‌పోర్టు, కార్డు రెండూ చూపిస్తే చాలు, ఈటీఏ కూడా అక్కర్లేదన్నారు. అమ్మానాన్నలకి మాత్రం పూర్తి స్థాయి వీసా. టికెట్లు కొన్నప్పుడు నేను నా రూలు చదివి అందరికీ అదే అనుకున్నాను. నా పొరపాటు అక్కడే మొదలైంది.

ఏప్రిల్‌లో వాళ్లు అమెరికాకి వచ్చాక, ఇక్కణ్ణుంచే ఆన్‌లైన్‌లో వీసాకి పెట్టాం. ఒక్కొక్కరికి వీసా ఫీజు 100 కెనడా డాలర్లు, వేలిముద్రలకి 85. కుటుంబం అంతా కలిపి ఒకేసారి పెడితే వేలిముద్రల ఫీజు ఎంతమందికైనా మొత్తం 170 దాటదు. వేలిముద్రలు ఒకసారి ఇస్తే పదేళ్లు చెల్లుతాయి, కాబట్టి ఇంతకు ముందు ఎప్పుడైనా కెనడాకి ఇచ్చి ఉంటే ముందు అది చూసుకోండి. క్రూయిజ్ బుకింగ్, మా ఆహ్వాన లేఖ, నా బ్యాంకు కాగితాలు, వాళ్ల ఐ-94 (అమెరికాలో అడుగుపెట్టిన రికార్డు), నాన్న పెన్షన్ కాగితం అన్నీ జోడించాం. ఆ తర్వాత ఎదురుచూపులు. ఆ ఏడాది దరఖాస్తులు గుట్టలు పడి ఉన్నాయి. మే పోయింది, జూన్ పోయింది. జులై రెండో వారంలో పాస్‌పోర్టులు పంపమని మెయిలొచ్చింది. పంపాక అవి తిరిగి వచ్చేదాకా ఇంకో రకం గుబులు, ఎందుకంటే చేతిలో పాస్‌పోర్టు లేకుండా వాళ్లు ఎక్కడికీ కదల్లేరు. మీకు ఒక మాట: క్రూయిజ్‌కి చివరి డబ్బు కట్టాల్సిన తేదీ ఒకటుంటుంది, దానికి ముందే వీసా చేతిలో ఉండేలా లెక్క వేసుకోండి. మేం వీసా రాకముందే మొత్తం కట్టేశాం. ఆ రెండు నెలలు నాకు నిద్ర లేదు.

వీసా వచ్చాక హమ్మయ్య అనుకున్నాం. టెస్టుల గొడవ ఎటూ పోయిందనే నా ధీమా. ఎందుకంటే ఏప్రిల్‌లో విమానం ఎక్కడానికి అమ్మానాన్నలు ఒక రోజు లోపు చేయించిన టెస్టు చూపించాల్సి వచ్చింది గానీ, జూన్ 12న అమెరికా ఆ రూలు ఎత్తేసింది. జులై 18న సీడీసీ (అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య సంస్థ) క్రూయిజ్ ఓడల కోవిడ్ కార్యక్రమాన్ని కూడా ముగించేసింది. విమానంలోనో రోడ్డు మీదో వచ్చే టీకా వేసుకున్నవాళ్లకి కెనడా కూడా ఏప్రిల్ 1 నుంచే ముందస్తు టెస్టు తీసేసింది. ఇన్ని చదివాక ఎవరైనా ఏమనుకుంటారు? ఓడకి కూడా లేదనే కదా. కానీ కెనడా ఓడలకి మాత్రం దాన్ని అట్టే పెట్టింది, ఆ సెప్టెంబరు చివరి దాకా. దానికి మూలం 2020 ఫిబ్రవరిలో యొకొహామాలో ఆగిపోయిన డైమండ్ ప్రిన్సెస్. అందులో 3,711 మంది ఉంటే 712 మందికి సోకింది. ఆ భయం ఓడల్ని అంత తేలిగ్గా వదల్లేదు.

మా ప్రయాణానికి పది రోజుల ముందు ఓడ కంపెనీ నుంచి వచ్చిన మెయిల్లో అడుగున ఉంది సంగతి. పీసీఆర్ అయితే ఓడ ఎక్కడానికి 72 గంటల లోపు, యాంటిజెన్ అయితే ఒక రోజు లోపు. ఇంట్లో మనంతట మనం చేసుకున్నది చెల్లదు, ఎవరో ఒకరు చూస్తుండగా చెయ్యాలి, రిపోర్టులో పేరు, పుట్టిన తేదీ, శాంపిల్ తీసిన టైము ఉండాలి. ఈ 72 గంటల లెక్క చాలామంది తప్పు వేస్తారు. రిపోర్టు వచ్చిన టైము కాదు, ముక్కులో పుల్ల పెట్టిన టైము లెక్క. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి ఎక్కాలి. గురువారం పొద్దున పదింటికి టెస్టు ఇస్తే ఆదివారం పదింటికే దాని గడువు అయిపోతుంది. గురువారం సాయంత్రం ఇస్తే సరిపోతుంది, కానీ రిపోర్టు శనివారానికైనా రాకపోతే? మేం ఆ జూదం వద్దనుకుని, వీడియోలో ఒక మనిషి చూస్తుండగా చేసే యాంటిజెన్ కిట్లు తెప్పించాం. ఐదుగురికి ఏడు కిట్లు. ఆ రెండు అదనపు కిట్లే మమ్మల్ని ఒడ్డున పడేశాయి, అది చెబుతాను.

శనివారం పొద్దున్నే వాంకూవర్ హోటల్ గదిలో నాన్న లాప్‌టాప్ ముందు కూర్చున్నారు. అవతలి అమ్మాయి పాస్‌పోర్టు చూపించమంది, డబ్బా సీలు చూపించమంది, కెమెరా కొంచెం వంచమంది, ఇంకొంచెం వంచమంది. నాన్నకి కళ్లజోడు లేకపోతే కార్డు మీద చుక్కలు వేసే బొక్క కనపడదు, పెట్టుకుంటే మూతికున్న మాస్కు వల్ల అద్దాలకి ఆవిరి పడుతుంది. నేను సాయం చెయ్యబోతే "మీరు ఫ్రేములోకి రాకండి" అంది. చుక్కలు లెక్కపెట్టి వేసి, పుల్ల దూర్చి, కార్డు మడిచి, పదిహేను నిమిషాలు దాన్ని ముట్టుకోకుండా కెమెరా ముందే ఉంచారు. ఆ పదిహేను నిమిషాలూ నాన్న ఆ కార్డు వంక ఎలా చూశారంటే, మా పదో తరగతి ఫలితాలప్పుడు కూడా అంత చూడలేదు. ఒకటే గీత వచ్చింది.

అమ్మకి కూడా ఒకటే గీత. కానీ రిపోర్టు మెయిల్లో వచ్చాక చూస్తే పుట్టిన తేదీ తిరగబడింది. అమ్మ పుట్టింది ఆగస్టు 5న. మనం 05-08 అని రాస్తాం, అక్కడ అది మే 8 అయి కూర్చుంది. రిజిస్ట్రేషన్ ఫారం నింపింది నేనే, తప్పు నాదే. కానీ దాన్ని దిద్దమని చాట్‌లో అడిగితే రెండు పని రోజులు పడుతుందన్నారు. ఓడ రేపు. అదనంగా ఉన్న కిట్టు తీసి, కొత్త ఈమెయిల్‌తో మళ్లీ రిజిస్టర్ చేసి, అమ్మకి రెండోసారి చేయించాం. "మళ్లీనా" అని ఆవిడ ముక్కు పట్టుకుంది. తప్పలేదు.

పేరు గొడవ కూడా ఉంది. మనవాళ్లకి ఇది తప్పకుండా వస్తుంది. నాన్న పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంది. కోవిన్ టీకా సర్టిఫికెట్ మాత్రం ఆధార్ చూసి తీసింది, అందులో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంది. చూసేవాళ్లకి ఆ ఒక్క అక్షరమే ఇంటిపేరని ఎలా తెలుస్తుంది? అదృష్టం కొద్దీ మేం ముందే చూసుకుని కోవిన్‌లో పేరు సరిచేయించి, పాస్‌పోర్టు నంబరు జోడించి, పూర్తి పుట్టిన తేదీ ఉన్న సర్టిఫికెట్ తీసుకున్నాం. అప్పట్లో కెనడాలోకి రావడానికి ముందు 72 గంటల లోపు అరైవ్‌కాన్ అనే కెనడా ప్రభుత్వ యాప్‌లో ఇవన్నీ ఎక్కించాలి కూడా. ఇప్పుడు టీకా సర్టిఫికెట్ ఎవరూ అడగరు గానీ పేరు నీతి మాత్రం అదే. క్రూయిజ్ బుకింగులో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి, ఇంటిపేరు ఇంటిపేరు గడిలో, అసలు పేరు అసలు పేరు గడిలో. మా మరదలు వాళ్ల బుకింగులో రెండూ తారుమారయ్యాయి, సరిదిద్దడానికి మూడు ఫోన్లు.

మర్నాడు కెనడా ప్లేస్ రేవులో వరుస చూసి నాన్న తిరుపతి క్యూ కాంప్లెక్స్ అన్నారు. వాంకూవర్‌లో ఒక విశేషం ఏమిటంటే, ఓడ ఎక్కేముందే అమెరికా ఇమిగ్రేషన్ అక్కడే అయిపోతుంది. అంటే అప్పుడు మా కాగితాలు ఒకే హాల్లో మూడు చేతుల్లోంచి పోయాయి: ముందు టెస్టు రిపోర్టు చూసేవాళ్లు, తర్వాత ఓడ కంపెనీ చెక్-ఇన్, తర్వాత అమెరికా అధికారి. తిరిగి వాంకూవర్ వచ్చేటప్పుడు మళ్లీ కెనడా ప్రవేశం. నేను అన్నీ ఫోన్లో పెట్టుకున్నాను, ఆ హాల్లో సిగ్నల్ సరిగ్గా అందలేదు. మా ఆవిడ ప్లాస్టిక్ సంచిలో ఒక్కొక్కరికి ఒక్కో కట్ట ప్రింట్లు పెట్టుకొచ్చింది. ఆ సంచి గురించి ఇప్పటికీ దెప్పుతుంది, దెప్పనివ్వండి.

ఇప్పటి పరిస్థితికి వస్తే, అలాస్కా ఓడలకి కోవిడ్ టెస్టు పోయింది. 2022 అక్టోబరు 1 నుంచి కెనడా టెస్టు, టీకా, అరైవ్‌కాన్ తప్పనిసరి అన్నీ ఎత్తేసింది. కాబట్టి మీరు కిట్లు కొనక్కర్లేదు. కానీ వేరే దారిలో వెళ్లేవాళ్లకి ఒక మాట: మీ క్రూయిజ్ బ్రెజిల్ లాంటి ఎల్లో ఫీవర్ (పచ్చజ్వరం) ఉన్న దేశం తాకితే, భారత్ తిరిగొచ్చేటప్పుడు ఎల్లో ఫీవర్ టీకా కార్డు అడుగుతారు, లేకపోతే క్వారంటైన్‌లో పెట్టే వీలుంది. ఆ టీకా వేయించుకున్న పది రోజులకి గాని కార్డు చెల్లదు. ఒకసారి చెల్లితే జీవితాంతం, 2016 నుంచి రూలు అది.

చివరికి మీ ఆరోగ్యం ఫారం ప్రశ్న. ఎక్కే రోజున జ్వరం, వాంతులు, విరేచనాలు ఉన్నాయా, గడిచిన రెండు మూడు రోజుల్లో వచ్చాయా అని అడుగుతారు. వాళ్ల అసలు భయం నోరోవైరస్, అంటే వాంతులు, విరేచనాలు అంటించే వైరస్. ఓడలో నూటికి ముగ్గురు అలా పడితే సీడీసీ తన సైట్లో ఆ ఓడ పేరు పెట్టేస్తుంది. కడుపు సంగతి నిజమే రాయండి. అవును అని రాసినంత మాత్రాన వెనక్కి పంపరు, పక్కకి పిలిచి ఓడ నర్సు చూస్తుంది, ప్రశ్నలడుగుతుంది, చాలాసార్లు ఎక్కనిస్తారు. మా అమ్మకి దగ్గు ఉంది, రాసింది. ఐదు నిమిషాలు మాట్లాడి, అది ఎప్పటినుంచో ఉన్న ఆస్తమా అని మందుల చీటీ చూసి పంపేశారు. కాబట్టి మీ అమ్మగారి ప్రిస్క్రిప్షన్లు చెక్-ఇన్ ఇచ్చే పెద్ద పెట్టెలో కాకుండా చేతి సంచిలో ఉంచండి. ఇంట్లో ఎవరైనా గర్భిణి ఉంటే అది ఇంకా ముఖ్యం: ప్రయాణం ముగిసేలోపు 24 వారాలు నిండుతాయంటే చాలా కంపెనీలు ఎక్కనివ్వవు, ముందుగానే అడిగి చూడండి.

మీ వాళ్లు ఎప్పుడు వస్తున్నారో, ఓడ ఏ తేదీనో రాయలేదు. అవి రాస్తే వీసాకి ఇక్కణ్ణుంచి పెట్టడం మేలా, వాళ్లు బయల్దేరకముందే అక్కణ్ణుంచి పెట్టడం మేలా నాకు తోచింది చెబుతాను. వేసవి ట్రిప్పు అంటున్నారు కాబట్టి నేనైతే వాళ్లు అక్కడ ఉండగానే పెట్టేస్తాను.