టెక్ సందేహాలు: ఖాతాలో 21, బడిలో పదో తరగతి

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి. ట్యూషన్ నుంచి వస్తూ రోజూ ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్ పెడుతుంది. ఖాతాలో వయసు 21 అని పెట్టుకుందని ఈమధ్యే తెలిసింది. ఫోను లాక్కోమని మావారు అంటున్నారు. ఏం చేయాలి? – ఒక తల్లి, కావలి

జవాబు: లాక్కోకండమ్మా. స్నేహితురాలి ఫోనులో ఇంకో ఖాతా తెరుస్తుంది, అది మీ కంట పడదు. ముందు సరిచేయాల్సింది ఆ 21. టీనేజీ పిల్లల కోసం ఇన్‌స్టాగ్రామ్ 2025లో మన దేశంలోనూ ప్రత్యేక ఖాతాలు తెచ్చింది. అందులో ఖాతా ప్రైవేటుగా ఉంటుంది, ముక్కూమొహం తెలియనివాళ్లు మెసేజ్ పెట్టలేరు, రాత్రి 10 నుంచి ఉదయం 7 దాకా నోటిఫికేషన్లు మోగవు. 16 ఏళ్లలోపువాళ్లు వీటిని సడలించుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి. వయసు 21 అని ఉన్నంతకాలం ఈ రక్షణ మీ అమ్మాయికి అందదు. ఇన్‌స్టాగ్రామ్ సెట్టింగ్స్‌లో ఉండే అకౌంట్స్ సెంటర్‌లో పర్సనల్ డీటెయిల్స్ తెరిచి, పుట్టినతేదీని తన చేతే మార్పించండి.

తర్వాత ఇద్దరూ కూర్చుని తన రీల్ ఒకటి శబ్దం లేకుండా చూడండి. డ్యాన్సును వదిలేసి వెనక ఏముందో గమనించండి. యూనిఫాం మీద బడి పేరు, ట్రంకు రోడ్డులో దుకాణం బోర్డు, కింద ‘ఇప్పుడే ట్యూషన్ అయింది’ అన్న మాట. నాలుగు రీల్స్ చూస్తే చాలు, ఆ పిల్ల ఏ వేళకు ఏ దారిన వస్తుందో ఎవరికైనా తెలిసిపోతుంది. అందంగా కనబడాలన్న ముచ్చట తప్పు కాదు, ఆ వయసుకు అది సహజం. ఇంటికొచ్చి బట్టలు మార్చుకున్నాక తీయమనండి, లొకేషన్ పెట్టవద్దనండి.

ప్రశ్న: ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. పరిచయం లేని అమ్మాయి పేరుతో ఉన్న ఖాతాకు నా ఫొటో ఒకటి పంపాను, ఎవరికీ చూపించుకోలేనిది. డబ్బు ఇవ్వకపోతే నా ఫాలోయర్లందరికీ పంపుతామంటున్నారు. – ఒంగోలు

జవాబు: తమ్ముడూ, నేరం వాళ్లది, నీది కాదు. ఒక్క రూపాయి కూడా పంపవద్దు. ఇచ్చినకొద్దీ ఇంకా అడుగుతారు. చాట్ చెరిపేయకు, స్క్రీన్‌షాట్లు తీసి, ఆ ఖాతా పేరు రాసిపెట్టుకుని, ఆపైన బ్లాక్ చెయ్యి. నీ ఫాలోయర్ల జాబితా అందరికీ కనబడుతోంది కాబట్టే వాళ్లు బెదిరించగలుగుతున్నారు, వెంటనే ఖాతాను ప్రైవేటు చెయ్యి. డబ్బు పోయి ఉంటే సైబర్ నేరాల నంబరు 1930కి ఫోను చెయ్యి.

18 ఏళ్లలోపు తీసిన ఇలాంటి ఫొటోల కోసం ‘టేక్ ఇట్ డౌన్’ అనే ఉచిత సేవ ఉంది. నీ ఫొటో నీ ఫోను దాటి పోదు. దాని డిజిటల్ గుర్తు మాత్రమే వెళుతుంది, ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ వంటివి ఆ గుర్తుతో ఫొటోను పట్టుకుని తొలగిస్తాయి. వాట్సాప్‌లో పంపుకునేవాటిని మాత్రం ఇది ఆపలేదు. అందుకే ఇంట్లో ఒక్కరికైనా ఈరోజే చెప్పు. అమ్మతో, నాన్నతో మాట పెగలకపోతే ముందు 1098కి ఫోను చెయ్యి. అది పిల్లల కోసమే, రాత్రీపగలూ పలుకుతారు.