సమాధానం: రాతప్రతి చదివి ఏం చెప్పాలి?

"తెలుగు ఎమ్మే చదవలేదు, గాజువాకలో షాపు చూసుకుంటూ 280 పేజీల నవల రాతప్రతి చదివిపెడతానని ఒప్పేసుకున్నాను, ఇప్పుడు భయమేస్తోంది" అన్నారు కదండీ. ఎమ్మే అక్కర్లేదు. రచయితకి కావాల్సింది మామూలు పాఠకుడే.

ముందు ఫోన్ చేసి ఒక్కటి అడగండి: ఏం చూడమంటారు, కథా, పాత్రలా, భాషా? అది అడక్కుండా నేనోసారి అచ్చుతప్పులన్నీ ఎర్ర పెన్నుతో దిద్ది పంపాను. "అయ్యో, ఆ అధ్యాయం తీసేశానండీ" అన్నాడాయన. వారం పని గంగపాలు.

మొదటిసారి పెన్ను పట్టుకోకండి. ఎక్కడ సెల్‌ఫోన్ చూడాలనిపించిందో ఆ పేజీ మూల మడవండి, అంతే. రెండోసారి కారణం వెతకండి. "బోరు" అంటే ఆయనకేం లాభం? "42వ పేజీలో పెళ్లిచూపులు మొదలయ్యాక మూడు పేజీలూ మావగారి ఉద్యోగ చరిత్రే, అమ్మాయి ఏమనుకుందో తెలీలేదు" అనండి. ఎలా తిరగరాయాలో మాత్రం చెప్పకండి, అది ఆయన తలనొప్పి.

కథ విశాఖలో జరిగితే మీ విలువ ఇంకా ఎక్కువ. నేను చదివినదాన్లో హీరో ఆర్కే బీచ్‌లో కూర్చుని సముద్రంలో మునిగే సూర్యుణ్ణి చూస్తాడు! మనకి సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు గానీ అందులో మునుగుతాడా? ఇంకోచోట సింహాచలం చందనోత్సవానికి శ్రావణమాసపు జల్లులు. అది వైశాఖ శుద్ధ తదియ కదండీ, మాడు పగిలే ఎండ.

రాతప్రతి ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి, ఇంట్లోవాళ్లకి కూడా. కుదరదనిపిస్తే పదో రోజునే చెప్పేయండి, నెలలు నాన్చకండి.