ఎలుకలను చంపని ల్యాబ్‌లో ఉద్యోగం ఉంటుందా?

ప్రశ్న: మాది ఒంగోలు వైపు పొదిలి. పురుగుమందుల షాపు నడుపుతున్నాను. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ మంచి మార్కులతో పాసైంది. నీట్‌లో సీటొచ్చే ర్యాంకు రాలేదు. బీఫార్మసీలో చేర్పిద్దామంటే ఎలుకల్నీ కుందేళ్లనీ చంపే చదువు నాకొద్దంటోంది. జంతువులు లేకుండానే రసాయనాలను పరీక్షించే పని ఉందట, అదే చేస్తానని పట్టుబట్టింది. అలాంటి ఉద్యోగం నిజంగా ఉందా? ఉంటే ఏం చదివించాలి? లేకపోతే చిన్నతనం అనుకుని సర్దిచెప్పాలా?

జవాబు: చిన్నతనం అనుకోకండి. మీ అమ్మాయి చెప్పిన పని ఉంది, దానికి జీతాలూ ఉన్నాయి. 1959లోనే రస్సెల్, బర్చ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ప్రయోగాల్లో జంతువులకు బదులు వేరే పద్ధతులు వాడాలని, వీలుకాకపోతే వాటి సంఖ్య తగ్గించాలని, బాధ తగ్గించాలని రాశారు. ఈ రంగం అంతా ఆ ఆలోచన మీదే పెరిగింది. మీ అమ్మాయికి కలిగిన బాధ చాలామంది శాస్త్రవేత్తలకు ముందే కలిగింది.

మీ షాపులో ప్రతి మందు డబ్బా మీదా రంగు త్రికోణం ఉంటుంది కదా. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ. మింగినప్పుడు ప్రయోగంలో సగం జంతువులు చనిపోయే మోతాదు ఎంతో చూసి ఆ రంగు నిర్ణయిస్తారు. కిలో బరువుకు 50 మిల్లీగ్రాముల లోపే అయితే ఎరుపు, 5,000 దాటితే ఆకుపచ్చ. ఆ మోతాదునే ఎల్‌డీ50 అంటారు. 1927లో ట్రెవన్ అనే ఆయన తెచ్చిన లెక్క ఇది. ఎక్కువ జంతువులను బలి తీసుకునే పాత పరీక్షను ఓఈసీడీ (ఎక్కువగా సంపన్న దేశాలున్న కూటమి) దేశాలు 2002లో తమ పద్ధతుల జాబితా నుంచి తీసేశాయి. ఇప్పుడు అంతకంటే బాగా తక్కువ ఎలుకలతో అదే సంగతి తేలుస్తున్నారు. తగ్గించారే గానీ ఆపలేదు. ఈ విషయం మీ అమ్మాయికి దాచకుండా చెప్పండి.

పూర్తిగా జంతువులు లేకుండా జరిగేవి వేరే ఉన్నాయి. మిరప తోటలో మందు కొట్టినవాళ్లకు చేతుల మీద దద్దుర్లు రావడం మీరు చూసే ఉంటారు. ఒక రసాయనం చర్మానికి ఎలర్జీ తెస్తుందా లేదా అని తేల్చడానికి ఇదివరకు గినీ పందులను, చుంచులను వాడేవారు. అసలు ఎలర్జీ ఎలా మొదలవుతుందని వెతికితే వరసగా కొన్ని మెట్లు కనిపించాయి. ముందు ఆ రసాయనం చర్మంలోని ప్రొటీన్‌కు అతుక్కుంటుంది. తర్వాత పైచర్మం కణాలు ప్రమాదాన్ని గుర్తిస్తాయి. ఆ తర్వాత రోగనిరోధక కణాలు మేల్కొంటాయి. ఈ మూడు మెట్లకూ మూడు పరీక్షలు తయారుచేశారు. మొదటిదానికి కణాలు కూడా అక్కర్లేదు. ప్రొటీన్ ముక్కను రసాయనంతో కలిపి ఒక రోజు ఉంచి, ఎంత మిగిలిందో హెచ్‌పీఎల్‌సీ అనే, ద్రవంలో కలిసిన పదార్థాలను విడదీసి కొలిచే యంత్రంలో చూస్తారు. అచ్చంగా కెమిస్ట్రీ పని. రెండోదాంట్లో మనిషి చర్మ కణాలు ప్రమాదాన్ని గుర్తిస్తే వెలుగునిచ్చేలా ముందే మార్చి పెడతారు. మూడోది తెల్లరక్త కణాల మీద చేస్తారు. మూడింటిలో రెండు ఒకే మాట చెబితే దాన్ని ఫలితంగా తీసుకునే పద్ధతిని 2021లో ఓఈసీడీ ఆమోదించింది. నాకు ఈ రంగంలో బాగా నచ్చేది ఇదే. జంతువుకు ఏమైందో చూసి ఊరుకోకుండా, ఎందుకు అవుతుందో తెలుసుకున్నాకే ఈ పరీక్షలు పుట్టాయి.

అలాగే చర్మం మంటకు ల్యాబ్‌లో పెంచిన మనిషి చర్మపు పొర వాడతారు. దాని మీద రసాయనం పూశాక పసుపు రంగు మందు వేస్తే, బతికున్న కణాలు దాన్ని ఊదా రంగుకు మారుస్తాయి. రంగు సగానికి తగ్గితే ఆ రసాయనం చర్మాన్ని మండించేదని అర్థం. మీ పక్క జిల్లా నెల్లూరులో చేపలు, రొయ్యల చెరువులు ఎన్నో ఉన్నాయి. నీళ్లలో కలిసిన రసాయనం చేపలను చంపుతుందా అని చూడటానికి బతికున్న చేపల బదులు ట్రౌట్ చేప మొప్పల కణాలతో చేసే పరీక్షకూ 2021లోనే ఆమోదం వచ్చింది.

కంప్యూటర్ దారి మరొకటి. కొత్త రసాయనం గురించి ఏమీ తెలియనప్పుడు, దాని నిర్మాణాన్ని పోలిన పాత రసాయనాల చరిత్ర తీస్తారు. సంబంధం చూసేటప్పుడు ఆ ఇంటివాళ్ల గురించి నలుగురిని వాకబు చేసినట్టు ఉంటుంది ఆ పని.

చట్టం కూడా ఇటే జరుగుతోంది. మన దేశంలో 2014 నుంచి సౌందర్య సాధనాలను జంతువుల మీద పరీక్షించడం నిషేధం. కొత్త మందుల నిబంధనలను 2023లో సవరించి కణాలు, ఆర్గాన్ చిప్‌లు (అవయవంలా పనిచేసేలా కణాలను పెంచే చిన్న పరికరాలు), కంప్యూటర్ మోడళ్ల ఫలితాలకూ చోటిచ్చారు. 2011 నుంచి మన జీఎల్‌పీ (ల్యాబ్ పని నాణ్యతా ప్రమాణాలు) గుర్తింపు ఉన్న ల్యాబ్‌ల ఫలితాలను ఓఈసీడీ దేశాలు ఒప్పుకుంటున్నాయి. అందుకే విదేశీ కంపెనీల పరీక్షలు కూడా ఇక్కడికి వస్తున్నాయి.

ఇక లోటుపాట్లు. నెలల తరబడి కొద్దికొద్దిగా ఒంట్లోకి పోయే రసాయనం ఏం చేస్తుంది, గర్భంలోని బిడ్డకు హాని ఉందా అన్న ప్రశ్నలకు ఇంకా జంతువులే ఆధారం. చాలా కంపెనీల్లో కణాలను పెంచే సెల్ కల్చర్ ల్యాబ్, జంతువులను ఉంచే యానిమల్ హౌస్ ఒకే ఆవరణలో ఉంటాయి. కణాలను పెంచే ద్రవంలో దూడ పిండం రక్తం నుంచి తీసిన సీరం వాడటం ఇప్పటికీ మామూలే, దాన్ని మానడానికి పరిశోధనలు నడుస్తున్నాయి. ఇవి తెలియకుండా చేరితే మొదటి ఏడాదే మనసు విరిగిపోతుంది. తెలిసి చేరితే తగ్గించేవాళ్లలో తానూ ఒకరవుతుంది.

చదువు సంగతికొస్తే, బీఫార్మసీ మీద మీ అమ్మాయి భయం చాలా వరకు పాతకాలపు మాటల వల్ల వచ్చింది. ఇప్పటి సిలబస్ ప్రకారం ఫార్మకాలజీ (మందులు ఒంట్లో ఎలా పనిచేస్తాయో చెప్పే సబ్జెక్టు) ప్రాక్టికల్స్‌లో జంతు ప్రయోగాలను సాఫ్ట్‌వేర్, వీడియోల ద్వారానే చూపిస్తారు. ఎంఫార్మసీ ఫార్మకాలజీలో మాత్రం జంతువులు ఎదురవుతాయి. బీఫార్మసీ తర్వాత జీప్యాట్ ప్రవేశ పరీక్ష రాసి, నైపర్ అనే కేంద్ర ఫార్మసీ విద్యాసంస్థలో టాక్సికాలజీ (విషప్రభావాల శాస్త్రం) వైపు వెళ్లొచ్చు. హైదరాబాద్‌లోనే నైపర్ ఉంది.

నా ఓటు మాత్రం బీఎస్సీకే, కెమిస్ట్రీ లేదా బయోకెమిస్ట్రీ మేజర్‌తో. బయోటెక్నాలజీ పేరు చూసి తొందరపడొద్దు. రసాయనం తెలియకపోతే రసాయనాల భద్రత తెలియదు. మైనర్‌గా స్టాటిస్టిక్స్ గానీ కంప్యూటర్స్ గానీ దొరికితే వదలొద్దు. లెక్కలు తప్పించుకోవడానికే బైపీసీ తీసుకున్న పిల్లలను నేను చాలామందిని చూస్తాను. జంతువును పక్కనపెట్టినప్పుడు దాని స్థానంలో వచ్చేది అంకెలే. పైథాన్ లేదా ఆర్ అనే కంప్యూటర్ భాష, గ్రాఫులు చదవడం, తప్పు ఎంత శాతమో చెప్పగలగడం, ఇవి రాకపోతే ఈ రంగంలో టెక్నీషియన్ దగ్గరే ఆగిపోతుంది. మీ అమ్మాయి పట్టుదలకు అసలు పరీక్ష ఇక్కడే ఉంది. లెక్కల భయం పోగొట్టుకోవడానికి ఈ సెలవులనే వాడుకోమనండి, ఐఐటీల ఎన్‌పీటీఈఎల్ ఆన్‌లైన్ పాఠాలు ఉచితం.

డిగ్రీ తర్వాత ఎమ్మెస్సీకి ఐఐటీ జామ్, సీయూఈటీ పీజీ, గాట్-బి ప్రవేశ పరీక్షలు రాయొచ్చు. పరిశోధన అంటే లక్నోలోని ఐఐటీఆర్ (విషప్రభావాల పరిశోధన), హైదరాబాద్‌లోని సీసీఎంబీ (కణాల పరిశోధన), ఐఐసీటీ (రసాయనాల పరిశోధన) సంస్థలను గుర్తుంచుకోండి. నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పీహెచ్‌డీ పరిశోధనకు ఇచ్చే సాయం) వస్తే నెలకు రూ.37,000 ఫెలోషిప్. ప్రైవేటు టెస్టింగ్ ల్యాబ్‌లు హైదరాబాద్, బెంగళూరు, చెన్నై చుట్టుపక్కల ఉన్నాయి. మొదటి జీతం సాఫ్ట్‌వేర్‌తో పోల్చేటట్టు ఉండదు, పీజీ, నాలుగైదేళ్ల అనుభవం ఉంటే మెరుగుపడుతుంది. డిగ్రీతో ఆపేద్దామనుకుంటే ఈ దారి వద్దు.

ఒంగోలులో గానీ నెల్లూరులో గానీ కాలేజీకి ఫీజు కట్టేముందు అమ్మాయిని వెంటబెట్టుకెళ్లి ల్యాబ్ చూపించమనండి. హెచ్‌పీఎల్‌సీ ఉందా? సెల్ కల్చర్‌కు ఇంక్యుబేటర్ ఉందా? ఉంటే చివరి ఏడాది పిల్లలు తమ చేతులతో పనిచేస్తారా, లేక అద్దం బయట నిలబడి చూస్తారా? ఈ మాట లెక్చరర్‌ని కాకుండా, అక్కడ చదివే సీనియర్ అమ్మాయిని అడగండి.