మెటా అనాలిసిస్ చెప్పిందే తుది మాటా?

ప్రశ్న: ఒకే మందు పనిచేస్తుందని ఒక అధ్యయనం, పనిచేయదని మరొక అధ్యయనం చెబుతుంటాయి. చివరికి వాటన్నిటినీ కలిపి చేసిన మెటా అనాలిసిస్ తేల్చేసిందని వార్తల్లో రాస్తారు. అది వట్టి సగటేనా? దాన్ని ఎంతవరకు నమ్మవచ్చు?

జవాబు: సగటే, కానీ అన్ని అధ్యయనాలనూ ఒకే గాటన కట్టే సగటు కాదు. ఎక్కువమందిని పరిశీలించి, తక్కువ అనిశ్చితితో ఫలితం చెప్పిన అధ్యయనానికి లెక్కలో ఎక్కువ బరువు ఇస్తారు. చిన్న ట్రయల్‌లో, అంటే మందును కొద్దిమంది రోగులపై పరీక్షించి చూసే అధ్యయనంలో, కాకతాళీయమైన హెచ్చుతగ్గుల మధ్య మరుగున పడే ప్రయోజనం, అలాంటివి అనేకం కలిసినప్పుడు బయటపడుతుంది. నెలలు నిండకముందే ప్రసవమయ్యే ప్రమాదమున్న గర్భిణులకు స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తే పుట్టిన బిడ్డలకు మేలు జరుగుతుందని చూపిన తొలి ట్రయల్ 1972లోనే వెలువడింది. ఆ తర్వాతి ట్రయల్స్‌లో చాలావాటికి విడివిడిగా ఆ సంగతి తేల్చేంత బలం లేకపోయింది. వాటిని కలిపి చూసిన సమీక్ష 1989లో గానీ రాలేదు. ఈ ట్రయల్స్ ఫలితాల పటాన్నే వైద్య పరిశోధనలను సమీక్షించేందుకు 1993లో ఏర్పడిన కాక్రేన్ సంస్థ తన చిహ్నంగా ఎంచుకుంది.

ఫారెస్ట్ ప్లాట్ అనే ఆ పటంలో ఒక్కో అధ్యయనానికి ఒక్కో అడ్డగీత ఉంటుంది. గీత ఎంత పొడవుంటే అనిశ్చితి అంత ఎక్కువ. మధ్యనున్న నిలువుగీత ‘తేడా ఏమీ లేదు’ అనే స్థానం. అట్టడుగున వజ్రాకారంలో మొత్తం ఫలితం కనిపిస్తుంది. చాలామంది ఆ వజ్రం దగ్గరే ఆగిపోతారు. నేనైతే ముందు పైనున్న గీతలను చూడమంటాను. అవి నిలువుగీతకు అటొకటి ఇటొకటిగా దూరదూరంగా చెదిరి ఉంటే, వేర్వేరు వయసులవారిని, మోతాదులను, జబ్బు దశలను కలగలిపి లెక్క కట్టారేమోనని అనుమానించాలి.

అంతకన్నా పెద్ద చిక్కు పటంలో లేని అధ్యయనాలతో వస్తుంది. మందు పనిచేయలేదని తేలిన చిన్న ట్రయల్స్ తరచూ ప్రచురణకే నోచుకోవు. గుండెపోటు వచ్చినవారికి సిరలోకి మెగ్నీషియం ఎక్కిస్తే మరణాలు తగ్గుతాయని, ఏడు చిన్న ట్రయల్స్‌ను కలిపిన మెటా అనాలిసిస్ 1991లో చెప్పింది. 58 వేలమందికి పైగా రోగులతో జరిగిన ఐసిస్-4 అనే ట్రయల్ ఫలితాలు 1995లో వచ్చేసరికి ఆ ప్రయోజనం కనిపించలేదు. లెక్క కట్టిన తీరులో తప్పు లేకపోయినా, చేర్చిన ట్రయల్స్ ఎంపికలోనే పక్షపాతం ఉంటే ఫలితమూ అటే ఒరుగుతుంది.

కాబట్టి మెటా అనాలిసిస్‌ను తుది మాటగా కాక, ఆనాటికి చేతికందిన ఆధారాల లెక్కగా తీసుకోండి. ప్రచురణ కాని ట్రయల్స్ కోసం వెతికారా, ఏ అధ్యయనాలను ఎందుకు వదిలేశారో రాశారా అన్నది చూడండి. ఆ వివరాలు లేనప్పుడు, పకడ్బందీగా జరిగిన ఒక్క పెద్ద ట్రయల్ మాటకే నేను ఎక్కువ విలువ ఇస్తాను.