కౌనస్ హాకీ జట్టు ఏమైంది?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: సోవియట్ యూనియన్‌లో జరిగిన తొలి ఐస్ హాకీ ఛాంపియన్‌షిప్‌లో లిథువేనియాలోని కౌనస్ నగరపు జట్టు కూడా ఆడిందని చదివాను. తర్వాతి దశాబ్దాల జాబితాల్లో ఆ పేరు కనబడలేదు. ఆ జట్టు అంత త్వరగా ఎందుకు తెరమరుగైంది?

జవాబు: మీరు చదివినది నిజమే. 1946 డిసెంబరు 22న ఆ ఛాంపియన్‌షిప్ మొదలైనప్పుడు తొలి మ్యాచ్‌లకు వేదికలైన నగరాలు మాస్కో, లెనిన్‌గ్రాడ్, రీగా, అర్ఖాంగెల్స్క్, కౌనస్. మొత్తం 12 జట్లు తలపడ్డ ఆ పోటీలో మాస్కో డైనమో విజేతగా నిలిచింది. అంత పెద్ద దేశంలో కౌనస్‌కు ఆ చోటు దక్కడం వెనుక బలమైన కారణమే ఉంది. అప్పటిదాకా రష్యాలో విరివిగా ఆడుతూ వచ్చింది బాండీ, అంటే ఫుట్‌బాల్ మైదానమంత మంచు మీద జట్టుకు 11 మంది చొప్పున బంతితో ఆడే హాకీ. పక్ అని పిలిచే రబ్బరు బిళ్ళతో, జట్టుకు ఆరుగురు చొప్పున ఆడే కెనడా పద్ధతి హాకీలో రష్యన్ల కంటే బాల్టిక్ దేశాల వారికే ముందునుంచీ అనుభవం ఉండేది.

లిథువేనియాలో ఆ అనుభవం రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలంలో సమకూరింది. 1926లోనే అక్కడ జాతీయ ఛాంపియన్‌షిప్ మొదలైంది; కౌనస్‌కు చెందిన ఎల్ఎఫ్ఎల్ఎస్ క్లబ్ ఆనాటి బలమైన జట్లలో ఒకటి. 1938 ఫిబ్రవరిలో ప్రాగ్ నగరంలో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లోనూ లిథువేనియా ఆడింది. పోలండ్, హంగరీ, స్విట్జర్లాండ్ చేతుల్లో భారీ తేడాతో ఓడినా రుమేనియాను 1–0తో ఓడించింది. ఒకే ఒక్క గోల్‌తో దక్కిన ఆ గెలుపును చిన్నదిగా చూడడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే సొంత దేశంలో కృత్రిమ మంచు అన్నదే ఎరుగని ఆటగాళ్లు సాధించిన గెలుపది.

1940లో సోవియట్ ఆక్రమణతో పాత క్లబ్బులు రద్దయ్యాయి. ఆ వెంటనే జర్మన్ ఆక్రమణ వచ్చింది, దేశంలోని యూదుల్లో అత్యధికులు హత్యకు గురయ్యారు, 1944లో వేలాది కుటుంబాలు పడమటి దేశాలకు పారిపోయాయి. కాబట్టి 1946లో మంచు మీదకు దిగిన కౌనస్ జట్టును కొత్తగా పుట్టిన జట్టుగా కాక, చెదిరిపోయిన ఒక తరంలో మిగిలినవారి కూర్పుగా చూడాలి.

అయితే ఆ జట్టు నిలవకపోవడానికి యుద్ధాన్ని మించిన కారణం మంచే అని నా అభిప్రాయం. ఆ రోజుల్లో మ్యాచ్‌లన్నీ ఆరుబయట, సహజమైన మంచు మీదే జరిగేవి. చలి ముదిరిన రాత్రి నేలను చదును చేసి, పలుచగా నీళ్లు పోసి, ఆ పొర గడ్డకట్టాక దాని మీద మరో పొర పోస్తూ రింకును తయారు చేసేవారు. బాల్టిక్ సముద్రపు గాలి సోకే లిథువేనియాలో నడి శీతాకాలంలోనూ ఉన్నట్టుండి ఉష్ణోగ్రత సున్నా దాటుతుంది. అప్పుడు మంచు మీద నీటి పొర చేరి పక్ జారదు, స్కేట్ అంచు మెత్తబడిన మంచులో దిగబడుతుంది, మ్యాచ్ వాయిదా పడుతుంది. అదే వారమంతా మాస్కోలోనో, యూరల్ ప్రాంతంలోనో సాధన నిరాటంకంగా సాగుతూనే ఉంటుంది. సోవియట్ హాకీ పెరిగి పెద్దదై, శిక్షణ వృత్తిస్థాయికి చేరేకొద్దీ ఆ అంతరాన్ని పూడ్చడం ఎవరి వల్లా కాలేదు. 1960, 70 దశకాల్లో సోవియట్ అగ్రశ్రేణి పోటీల్లో లిథువేనియా జట్టు కనిపించదు.

బాస్కెట్‌బాల్‌తో పోల్చి చూస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. 1937లో యూరప్ టైటిల్ గెలిచిన లిథువేనియా, 1939లో ఆ పోటీలకు ఆతిథ్యం ఇవ్వడం కోసం కౌనస్‌లో ప్రత్యేకంగా ఒక ఇండోర్ హాలు కట్టి, అక్కడే రెండోసారీ టైటిల్ గెలిచింది. అదే నగరంలో, అదే తరం హాకీ ఆటగాళ్లకు మాత్రం తలపై కప్పూ, కింద నమ్మదగిన మంచూ రెండూ లేవు.

ప్రశ్న: మరి లిథువేనియాలో ఎక్కువ కాలం నిలిచిన హాకీ జట్టు అంటూ ఏదీ లేదా?

జవాబు: ఉంది, అయితే అది రాజధాని విల్నియస్‌లోనూ లేదు, కౌనస్‌లోనూ లేదు. ఆ రెండు నగరాల మధ్య ఎలెక్ట్రేనై అనే చిన్న పట్టణం ఉంది. 1960ల్లో థర్మల్ విద్యుత్ కేంద్రం కోసం, అందులో పనిచేసే కార్మికుల కోసం కట్టిన ఊరది. 1977లో అక్కడ దేశంలోనే మొట్టమొదటి ఐస్ ప్యాలెస్, అంటే కృత్రిమ మంచున్న ఇండోర్ రింకు, తెరిచారు. ఎనర్జియా క్లబ్ ఆ ఏడాదే పుట్టి నేటికీ ఆడుతోంది. కాంక్రీటు పలక కింద పరిచిన గొట్టాల్లో సున్నా కంటే చల్లని ద్రవం నిరంతరం పారుతుంటేనే కృత్రిమ మంచు నిలుస్తుంది, అందుకు కరెంటు ధారాళంగా కావాలి. విద్యుత్ కేంద్రం ఉన్న ఊళ్లోనే హాకీ వేళ్లూనుకోవడం కేవలం యాదృచ్ఛికమని నేననుకోను. స్వాతంత్ర్యం వచ్చాక జాతీయ టైటిళ్లలో అత్యధికం ఎనర్జియావే. ఇంట్లో సాటి జట్టు లేనందున అది 1990ల్లో తూర్పు యూరప్ లీగులోనూ, తర్వాత లాత్వియా లీగులోనూ ఆడింది.

ప్రశ్న: ఇప్పుడు పెద్ద నగరాల్లోనూ రింకులు ఉన్నాయి కదా, అయినా కొత్త జట్లు కొన్నేళ్లకే ఎందుకు మూతపడుతున్నాయి?

జవాబు: రింకు ఉండటం వేరు, రింకులో సమయం దొరకడం వేరు. విల్నియస్, కౌనస్, క్లైపెడా నగరాల్లో ఆక్రోపోలిస్ షాపింగ్ కేంద్రాల్లోనూ రింకులు వచ్చాయి. ఇలాంటి చోట్ల సందర్శకులు టికెట్టు కొని స్కేటింగ్ చేసే వేళలు పోగా మిగిలిన గంటలే జట్టుకు దక్కుతాయి. మ్యాచ్‌కు ఇద్దరు గోల్‌కీపర్లతో కలిపి 22 మంది దాకా కావాలి, ఎందుకంటే నిమిషం లోపే అలసిపోయే అయిదుగురిని దించి వేరే అయిదుగురిని పంపడం ఈ ఆట పద్ధతి. అంతమందికీ సామగ్రి, ప్రయాణ ఖర్చులు భరించే స్పాన్సర్ తప్పుకుంటే, దేశంలో పోటీపడదగిన జట్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉన్నప్పుడు టికెట్ల రాబడి ఆదుకోదు. పిల్లల శిక్షణ లేకుండా పెద్దల జట్టును మాత్రమే నిలబెట్టినచోట ఈ పతనం మరింత వేగంగా జరుగుతుంది.

ప్రశ్న: కాస్పరైటిస్, జుబ్రుస్ వంటి ఆటగాళ్లు లిథువేనియా వారే అయినా ఆ దేశం తరఫున ఆడలేదంటారు. నిజమేనా?

జవాబు: పూర్తిగా నిజం కాదు. ఇద్దరూ ఎలెక్ట్రేనైలోనే పుట్టారు. 1972లో పుట్టిన డారియస్ కాస్పరైటిస్ 1992లో సోవియట్ వారసత్వ జట్టుతో ఒలింపిక్ స్వర్ణం, ఆ తర్వాత రష్యాతో రజతం, కాంస్యం గెలిచి, ఉత్తర అమెరికాలోని అగ్రశ్రేణి హాకీ లీగు ఎన్‌హెచ్ఎల్‌లో 863 మ్యాచ్‌లు ఆడాడు. ఆయన కంటే దాదాపు ఆరేళ్లు చిన్నవాడైన డైనియస్ జుబ్రుస్ అదే లీగులో 1,293 మ్యాచ్‌లు ఆడాడు. 2018 ఏప్రిల్‌లో కౌనస్‌లోని జల్గిరిస్ ఎరీనాలో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్ డివిజన్ 1 బి (మూడో శ్రేణి) పోటీల్లో 45 ఏళ్ల కాస్పరైటిస్, 39 ఏళ్ల జుబ్రుస్ ఇద్దరూ లిథువేనియా జెర్సీ వేసుకున్నారు. లిథువేనియా ఆ పోటీ గెలిచి పై శ్రేణికి చేరింది. మరుసటి ఏడు కజకిస్తాన్‌లో ఆరు జట్ల మధ్య చివరి స్థానంలో నిలిచి తిరిగి కింది శ్రేణికి దిగింది.