లాభాల్లో ఉన్న కంపెనీ కూడా ఉద్యోగులను ఎందుకు తొలగిస్తుంది?

ఒక ఉద్యోగం వల్ల ముందుముందు వచ్చే ఆదాయం కంటే దానికయ్యే ఖర్చే ఎక్కువని యాజమాన్యం అంచనా వేస్తే, కంపెనీ లాభాల్లో ఉన్నా ఆ ఉద్యోగాన్ని తీసేస్తుంది.

దీని మూలం చాలావరకు లెక్కలు రాసే పద్ధతిలోనే ఉంది. కొన్న యంత్రం ఆస్తుల పట్టికలో చేరుతుంది. పదేళ్లుగా పనిచేస్తున్న మనిషి నైపుణ్యానికి అక్కడ చోటు లేదు. అతని జీతం మాత్రం ప్రతి మూడు నెలల ఫలితాల్లో ఖర్చుగా కనిపిస్తుంది. కాబట్టి పొదుపు అనగానే చూపు జీతాల మీద పడుతుంది. మనిషితోపాటు వెళ్లిపోయిన అనుభవానికి విలువ కట్టే గడి ఆ పట్టికల్లో ఎక్కడా లేదు. ఇది చిన్న లోపం కాదు.

గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్ 2022లో దాదాపు 6,000 కోట్ల డాలర్ల నికర లాభం గడించింది. అయినా 2023 జనవరిలో సుమారు 12,000 ఉద్యోగాలకు కోత ప్రకటించింది. అంతకుముందు నియామకాలు జరిపిన నాటి ఆర్థిక పరిస్థితి ఇప్పుడు లేదన్నది సీఈఓ సుందర్ పిచాయ్ ఇచ్చిన కారణం.

తొలగించినవారంతా పని సరిగా చేయనివారేనని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. ఒక ప్రాజెక్టునో విభాగాన్నో మూసేసినప్పుడు అందులో అత్యుత్తమ రేటింగ్ ఉన్నవారి ఉద్యోగాలూ పోతాయి.